లాకు పడిన కారులో గుర్వమ్మ

ఆ ఉదయం రఘుపతి వేసుకున్న ప్రణాళికలో కష్టమైనదేమీ లేదు. కారు బ్యాటరీకి కొత్త సెన్సరు బిగించాలి. స్నానం చేయాలి. పొలం దగ్గర వేపకొమ్మకు కట్టి ఉంచిన తల్లి అస్థికల ముంతను తెచ్చుకుని, భార్య కౌసల్యతో కలిసి రామన్నపేట నుంచి ఆలంపూర్ బయలుదేరాలి. అక్కడ తుంగభద్ర ఒడ్డున అన్న లింగస్వామి ఎదురుచూస్తుంటాడు. పొద్దు నడినెత్తికి రాకముందే చేరుకుంటే చాలు.

చేరుకోకపోతే ఏమవుతుందో లింగస్వామి ముందే చెప్పి ఉన్నాడు. తల్లి గుర్వమ్మ శుక్రవారం పోయింది. మహబూబ్‌నగర్‌లో ఉండే పెద్దకొడుకు వెంటనే బయలుదేరాడు కానీ, కల్వకుర్తి దగ్గర రోడ్డు మీద లారీ అడ్డం పడి బండ్లన్నీ ఆగిపోయాయి. పొద్దు గూకకముందే కానిచ్చెయ్యాలని ఊరి పెద్దలు తొందరపెట్టారు. రఘుపతి కాసేపు ఆగాడు, ఇంకాసేపు ఆగాడు, చివరికి తనే తలకొరివి పెట్టాడు. మంట బాగా అందుకున్నాక లింగస్వామి వచ్చాడు. చేతిలో ఉన్న బంతిపూల దండను ఎక్కడ వేయాలో తెలియక కొంతసేపు అలాగే నిలబడి, దాన్ని శ్మశానం కంచె రాతికి తగిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మర్నాడు అతని భార్య సుచరిత ఫోన్ చేసింది.

"నదిల మాత్రం నా చేత్తోనే కలుపుతా అంటున్నడు మీ బావ. మల్ల నన్ను ఇడిచిపెట్టి చేసిన్రంటే, ఇగ నాకు తమ్ముడు లేడు అంటున్నడు. చెప్పమన్న మాట చెప్తున్న కౌసల్యా, నన్నేమనుకోకు."

కౌసల్య ఏమీ అనుకోలేదు. ఆ మాటను భర్తకు చెప్పింది. రఘుపతి ఆ పూట అన్నం తినలేదు.

ఇక కారు సంగతి. రఘుపతి ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాడు. యంత్రాలంటే భయం లేదు, భక్తి ఉంది. బ్యాటరీ సెన్సరనేది నెగటివ్ టెర్మినల్‌ను పట్టుకుని కూర్చునే అగ్గిపెట్టెంత వస్తువు. బ్యాటరీలోకి ఎంత కరెంటు వస్తోంది, ఎంత పోతోంది అని చూసి ఇంజనుకు చెబుతుంటుంది. అది అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టింది. గుర్వమ్మను నల్లగొండ దవాఖానకు తీసుకుపోతున్న రోజున నార్కట్‌పల్లి కూడలిలో దానంతటదే ఆగిన ఇంజను మళ్లీ స్టార్టు కాలేదు. నలుగురు తోస్తే కదిలింది. ఆ ఆలస్యం వల్ల ప్రాణం పోలేదని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. రఘుపతి ఆ మాట నమ్మాడు. నమ్మి, కొత్త సెన్సరు తెప్పించాడు.

"కిరాయి కారు మాట్లాడుకుందాం," అంది కౌసల్య, చేతిలో టీ గ్లాసుతో బానెట్ పక్కన నిలబడి.

"అమ్మను కిరాయి కార్ల తీస్కపోనా?"

కౌసల్య టీ గ్లాసును అతని చేతికిచ్చింది.

రఘుపతి పనిని పద్ధతిగా మొదలుపెట్టాడు. చేతి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. గ్లౌజులు తొడిగాడు. కారులో లైట్లు, ఫ్యాను అన్నీ ఆపి, తాళంచెవిని కారుకు దూరంగా వసారాలో పెట్టించాడు. బండి పూర్తిగా నిద్రపోయేదాకా కూర్చున్నాడు. ముందు నెగటివ్ వైరే తీయాలి, తీసిన కొస మళ్లీ బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టాలి. చుట్టాడు. సెన్సరుకు ఉన్న చిన్న ప్లగ్గును వైరు పట్టి లాగకుండా, క్లిప్పు నొక్కి తీశాడు. నట్టు వదులు చేశాడు. పాతది బిగుసుకుని ఉంటే సుత్తితో కొట్టలేదు, మెలితిప్పలేదు, ఓపికగా అటూ ఇటూ కదిపి పైకి తీశాడు. కొత్తదాన్ని అడుగంటా దించి, ప్లగ్గు చిటుక్కుమనేదాకా నొక్కి, నట్టును గట్టిగా, మరీ గట్టిగా కాకుండా బిగించాడు. ఆ వారంలో రఘుపతి చేసిన పనుల్లో ఎవరూ తప్పుపట్టలేనిది అదొక్కటే.

"అయిపోయినట్టేనా?" అంది కౌసల్య.

"అయిపోయింది. గని బండికి తాళమేసి కొన్ని గంటలు ముట్టకుండ ఆగాలె. గా బ్యాటరీ ఎట్లాంటిదో సెన్సరుకు సమజ్ కావాలె. అప్పటిదాంక లైటు వస్తుంటది, పోతుంటది."

"సెన్సరు ఆగుమంటది సరే. మీ అన్న ఆగుతడా?"

రఘుపతి గ్లౌజులు విప్పి స్నానానికి వెళ్లాడు.

ముంతను డిక్కీలో పెట్టడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. గుర్వమ్మ ఎప్పుడు కారెక్కినా వెనక సీట్లో ఎడమ కిటికీ పక్కనే కూర్చునేది. అక్కడే ఒక వెదురు బుట్టలో పసుపు గుడ్డ కట్టిన ముంతను పెట్టి, కదలకుండా సీటు బెల్టు వేశారు. ఎండ తగులుతుందని కౌసల్య కిటికీకి తెల్లటి పంచె ముక్క వేలాడదీసింది.

దేవరకొండ దాటారు, కల్వకుర్తి దాటారు. లారీ అడ్డం పడిన చోట రోడ్డు పక్కన ఇంకా గాజుపెంకులున్నాయి. రఘుపతి అటు చూడలేదు. నాగర్‌కర్నూల్ దాటాక డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది.

"అది అట్లనే వస్తది. ఫికర్ చెయ్యకు," అన్నాడు రఘుపతి.

"నేను చేస్తలేను," అంది కౌసల్య, దాని మీద నుంచి చూపు తిప్పకుండా.

వనపర్తి వచ్చేసరికి ఫికర్ రఘుపతికే పట్టుకుంది. నట్టు తక్కువ బిగించానా? కృష్ణ వంతెన మీద ఆగిపోతే? నార్కట్‌పల్లి కూడలి మళ్లీ కళ్లకు కట్టింది. పెబ్బేరు దాటి పెద్దరోడ్డు ఎక్కాక ఒక టీ కొట్టు ముందు ఆపాడు. టైముంది, ఒక్కసారి చూసుకుంటే పోయేదేముంది అనుకున్నాడు.

తాళంచెవిని కౌసల్యకిచ్చి, "కారు కాడ ఉండనియ్యకు, నీ దగ్గర పెట్టుకో," అన్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఇద్దరి ఫోన్లూ అందులోనే ఉన్నాయి. రఘుపతి బానెట్ ఎత్తి, నెగటివ్ వైరు తీసి, అంతా సవ్యంగానే ఉందని చూసి తృప్తిపడ్డాడు. ఈలోగా పంచె ముక్క జారిందని కౌసల్య వెనక తలుపు తీసింది. రెండు చేతులతో గుడ్డ కట్టాలి కాబట్టి హ్యాండ్‌బ్యాగును సీటు మీద, అత్తగారి పక్కన పెట్టింది. గుడ్డను గట్టిగా కట్టి, అత్తగారికి అదురు తగలకుండా తలుపును మెల్లగా వేసింది.

రఘుపతి నెగటివ్ వైరును తిరిగి బిగించాడు. కారుకు ఒక్కసారిగా కరెంటు వచ్చింది. నాలుగు తలుపులూ కలిసి ఠక్కుమన్నాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రఘుపతి చేతిలో ఒక స్పానరుంది. కౌసల్య చేతిలో ఏమీ లేదు.

టీ కొట్టు యజమాని పరమేష్ సహాయం చేసే స్వభావమున్నవాడు. గ్లాసులు కడుగుతూ అంతా చూస్తున్నాడు. రఘుపతి అతని దగ్గరికి వచ్చాడు.

"లాక్ పడ్డది. మా అమ్మ లోపల ఉన్నది. జర నీ ఫోన్ ఇస్తవా?"

పరమేష్ గ్లాసు కింద పెట్టి, తెల్లగుడ్డ కట్టిన కిటికీ వైపు చూశాడు. "అద్దాలన్ని బంద్ ఉన్నయా?"

"బంద్."

"గీ ఎండలనా?"

"ఎండ తగలొద్దనే గుడ్డ కట్టినం."

పరమేష్ ఇంకేమీ అడగకుండా కారు దగ్గరికి పరుగెత్తి అద్దం మీద అరచేత్తో కొట్టాడు. "పెద్దమ్మా, లోపల గుండీ ఉంటది, ఒత్తు. పెద్దమ్మా." చెవి ఆనించి విన్నాడు. "పలుకుతలేదు సార్."

"ఎట్ల పలుకుతది? పోయింది గద," అన్నాడు రఘుపతి.

"పోయిందా?"

"పోయింది."

"ఎప్పుడు?"

"మొన్న శుక్రారం."

పరమేష్ మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు. ఫోన్ ఇవ్వలేదు. కొట్టులోకి వెళ్లి, పొయ్యి మంట తగ్గించి, గోడ వైపు తిరిగి తనే పోలీసులకు ఫోన్ చేశాడు.

ఆ మాట రోడ్డు పక్కన ఆగిన లారీ డ్రైవర్లకు చేరింది. వాళ్ల నుంచి మోటారు సైకిళ్ల వాళ్లకు చేరింది. చాలామంది ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. వాసన రావడం లేదని ఒకరన్నారు. ఏసీ వేసి ఉంచి ఉంటారని ఇంకొకరు వివరించారు. వాళ్లకు అసలు సంగతి చెబుదామని కౌసల్య ముందుకొచ్చింది కానీ, వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు సరిగ్గా అప్పుడే వచ్చింది.

"నాదే తప్పు. అత్తమ్మను లోపలిడిచి నేనే తలుపు ఏశిన," అంటూ అక్కడే కూలబడింది.

"కోడలు ఒప్పుకున్నది," అని ఒక డ్రైవరు వెనకవాళ్లకు చెప్పాడు.

కానిస్టేబుల్ బెంజమిన్ మోటారు సైకిలు మీద వచ్చాడు. చల్లని మనిషి. గొంతు పెంచకుండా, ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమన్నాడు. ఆ మాట ఒక మాస్టారుతో అనకూడదని అతనికి తెలియదు. రఘుపతి మొదట్నుంచే చెప్పాడు. సెన్సరు చేసే పని చెప్పాడు, నెగటివ్ వైరు ముందెందుకు తీయాలో చెప్పాడు, కరెంటు తిరిగి రాగానే తలుపుల మోటార్లు ఎలా స్పందిస్తాయో చెప్పాడు. ఎండ నెత్తికెక్కుతోంది. అది చూస్తున్న కొద్దీ రఘుపతి మాటలు తడబడుతున్నాయి.

"మాస్టారు, బ్యాటరీ ముచ్చట తర్వాత. బాడీ ముచ్చట చెప్పున్రి," అన్నాడు బెంజమిన్.

"బాడీ లేదు."

"ఏం చేసిన్రు?"

"కాల్చినం."

 బెంజమిన్ జేబులోంచి పెన్ను తీశాడు. "ఎవరు కాల్చిన్రు?"

"నేనే." రఘుపతి స్పానరును చేతులు మార్చుకున్నాడు. "మా అన్న రాకముందే కాల్చిన. ఆయన వస్తుండె. నాకు ఎరుకే. అయినా ఆగలేదు. పెద్దకొడుకు దండ పట్టుకొని నిలబడ్డడు సార్, ఏద్దామంటే అమ్మ లేదు. ఇయ్యాల నదిల కలపనీకి గూడ ఆయన ఆలంపూర్ల ఎదురుచూస్తున్నడు, నేను గిక్కడ నిలబడ్డ."

బెంజమిన్ పెన్నును తిరిగి జేబులో పెట్టుకున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కారు దగ్గరికి వెళ్లి, ముందు అద్దంలోంచి లోపలికి చూశాడు. సీటు బెల్టు కింద బుట్ట, బుట్టలో పసుపు గుడ్డ కనిపించాయి.

"అస్థికలా?" అన్నాడు.

"అస్థికలే."

ముక్కులకు అడ్డంగా ఉన్న తువ్వాళ్లు ఒక్కొక్కటే దిగాయి. పరమేష్ ఎవరూ అడగకుండానే రెండు గ్లాసుల టీ తెచ్చి కౌసల్యకొకటి, రఘుపతికొకటి ఇచ్చి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు పోయింది అంటివి సార్. ముందుగాల కాల్చినం అంటే సమజైతుండె," అన్నాడు.

అక్కడినుంచి అంతా సవ్యంగా జరిగింది. పెబ్బేరులో కారు తాళాలు తీసే మెకానిక్ ఒకతను ఉన్నాడని బెంజమిన్ కబురు చేశాడు. తలుపు సందులో గాలిసంచి దూర్చి, కడ్డీతో లోపలి గుండీ నొక్కి తీస్తాడట, అద్దానికి గీత కూడా పడదట. చేస్తున్న పని ముగించుకుని వస్తానన్నాడు. ఇక అన్నకు చెప్పాలి. రఘుపతికి కంఠతా వచ్చిన ఫోన్ నంబరు లోకంలో ఒక్కటే, అది లింగస్వామిది. కుటుంబంలో మొదట ఫోన్ కొన్నది అతనే. నంబరు చెప్పి, మీరే మాట్లాడమని చేతులు జోడించాడు. బెంజమినే మాట్లాడాడు.

"లింగస్వామి గారేనా? పోలీస్ కానిస్టేబుల్ని మాట్లాడుతున్న. మీ అమ్మగారు పెబ్బేరు రోడ్డు మీద టీ కొట్టు కాడ మా దగ్గర ఉన్నరు. ఏం పరేషాన్ కావద్దు."

 అవతల ఫోన్ పెట్టేశారు.

లింగస్వామి ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆలంపూర్ నుంచి పెబ్బేరు రోడ్డు మీద ఆ రోజు అతను నడిపినట్టు ఉద్యోగంలో ఉండగా నడిపి ఉంటే రిటైరయ్యేదాకా ఉంచేవాళ్లు కాదు. చేత్తో తిప్పే అద్దాలున్న తన పాత కారును టీ కొట్టు ముందు ఆపి దిగాడు. పంతులు కట్టిన దర్భ ఉంగరం ఇంకా వేలికే ఉంది. జనాన్ని చూశాడు, పోలీసును చూశాడు, బానెట్ ఎత్తి ఉన్న కారును చూశాడు. తమ్ముడిని చివరగా చూశాడు.

"మళ్ల నన్ను ఇడిచిపెట్టినవ్," అన్నాడు.

"లేదన్నా. లాక్ పడ్డది. మెకానిక్ వస్తున్నడు. జరసేపు ఆగు."

"ఎవల్ని ఆగుమంటున్నవ్?"

"అన్నా..."

"ఆ దినం నువ్వు ఆగినవా? నేను ఉరికొస్తుంటి. లారీ అడ్డం పడ్డదంటే కారు ఆడనే ఇడిసి, ఎవని బండో ఎక్కి వస్తుంటి. నువ్వు ఆగినవా?"

 లింగస్వామి రోడ్డు పక్కన కంకర రాయి ఒకటి తీసుకున్నాడు. బెంజమిన్ "సార్" అంటూ ఒక అడుగు ముందుకేశాడు. కౌసల్య, "బావా, ఆ దిక్కు కాదు, ఆ కిటికీ కాదు," అంటోంది. ఆ మాటలు చెవికెక్కే స్థితిలో లింగస్వామి లేడు. తనకు అందుబాటులో ఉన్న అద్దం మీద, తెల్లగుడ్డ కట్టిన అద్దం మీద, బలంకొద్దీ రాయి విసిరాడు.

అద్దం పగిలింది. రాయి గుడ్డను లోపలికి తోసుకుంటూ వెళ్లింది. ఆ తర్వాత లోపల మరో చప్పుడైంది. చిన్న చప్పుడే. మట్టిపాత్ర పగిలితే వచ్చే చప్పుడు.

అప్పుడే ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. గాలిసంచి, కడ్డీ చంకలో పెట్టుకున్న మెకానిక్ దిగి, "ఏ కారు సార్?" అని అడిగాడు. 

తలుపు తీశారు. గుర్వమ్మ సీటు మీద కొంత, హ్యాండ్‌బ్యాగు మీద కొంత, కింద రబ్బరు చాప గళ్లల్లో చాలావరకు ఉంది. సీటు బెల్టు మాత్రం ఖాళీ బుట్టను గట్టిగా పట్టుకుని ఉంది. లింగస్వామి లోపలికి చూసి, రోడ్డు మీదే గొంతుక్కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. 

ఎవరో చీపురు తెస్తే పరమేష్ అతన్ని అక్కడినుంచే వెనక్కి పంపి, కొట్టులో వాడని కొత్త స్టీలు గిన్నె ఒకటి, ఉతికిన తువ్వాలొకటి తెచ్చిపెట్టాడు. రఘుపతి ఒక వైపు తలుపు నుంచి, లింగస్వామి రెండో వైపు నుంచి కారులోకి వంగి, గాజుముక్కలు ఏరి పక్కన పెడుతూ, తల్లిని చేతులతో ఎత్తి గిన్నెలో పోయసాగారు. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి.

"నేను ఆగలేదురా," అన్నాడు లింగస్వామి.

"నేను సుత ఆగలేదన్నా."

"ఎంతసేపు చూసినవ్?"

"రోడ్డు దిక్కే చూసుకుంట నిలబడ్డ. పొద్దు గూకుతాంది, గూకుతాంది అన్నరు. చేతులల్ల నిప్పు పెట్టిన్రు."

లింగస్వామి ఒక గాజుముక్కను ఏరి రోడ్డు అంచున పెట్టాడు. "నీ తప్పని నేను అనకుండ ఉండాల్సింది," అని, కాసేపటికి, "అమ్మ చేతికి వస్తలేదురా, గీ గళ్లల్ల ఇరుక్కున్నది," అన్నాడు.

నిజమే. చాప గళ్లల్లోది, సీటు కవరు కుట్లల్లోది ఎంత గీరినా రాలేదు. దులపడానికి ఇద్దరికీ చేతులాడలేదు. పెద్దకొడుకే నిర్ణయం తీసుకున్నాడు. చాపలూ కవర్లూ కదిలించకుండా కారునే నది దగ్గరికి తీసుకుపోదామన్నాడు. తన కారును పరమేష్ కొట్టు ముందే వదిలి, తమ్ముడి కారులో వెనక సీటెక్కాడు. ఎక్కాక, కాళ్లు కింద పెట్టడానికి జాగా లేదని తెలిసింది. ఆలంపూర్ దాకా ఆ పెద్దమనిషి కాళ్లు రెండూ పైకి ముడుచుకుని, ఒళ్లో స్టీలు గిన్నె పెట్టుకుని, పగిలిన కిటికీ నుంచి వచ్చే గాలికి అది ఎగరకుండా అరచేతులు కప్పుకుని కూర్చున్నాడు.

పంతులు ఘాట్ మెట్ల మీద ఇంకా ఉన్నాడు. పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది. అస్థికలేవి అని అడిగాడు. అన్నదమ్ములు గిన్నెను, నాలుగు రబ్బరు చాపలను, వెనక సీటు కవరును ఆయన ముందు వరసగా పెట్టారు. కౌసల్య తన హ్యాండ్‌బ్యాగును కూడా పెట్టింది. ఆయన ఒక్కొక్కదాన్నీ చూశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ మెట్ల మీద కూర్చున్నవాడు కాబట్టి, ప్రశ్న వేయకుండా మంత్రం అందుకున్నాడు.

గిన్నెను లింగస్వామి నీళ్లలో వంచాడు. వంచేముందు తమ్ముడి చేతిని లాగి గిన్నె మీద వేసుకున్నాడు. తర్వాత ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి చాపలు కడిగారు. వేళ్లతో ఒక్కొక్క గడీ తోమారు. కడుగుతూ అమ్మ గురించి ఏవో మాట్లాడుకున్నారు. ఒకసారి లింగస్వామి నవ్వాడు కూడా, వెంటనే ముఖం మీద నీళ్లు చల్లుకున్నాడు. కడిగినవాటిని ఒకటొకటిగా మెట్ల మీద ఆరేశారు.

పక్కనే కర్నూలు వైపు నుంచి తండ్రి అస్థికలు తెచ్చుకున్న కుటుంబమొకటి తమ వంతు కోసం నిలబడి ఇదంతా శ్రద్ధగా గమనిస్తోంది. వాళ్ల పెద్దాయన కొడుకును పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. కొడుకు పైకి వెళ్లి, తమ కొత్త కారులోని చాపలు విప్పి, భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చాడు. అది ఇక్కడి ఆచారం కాదని చెప్పడానికి పంతులు నోరు తెరిచి, ఒకసారి నీళ్లలోని అన్నదమ్ముల వైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు.